ముద్రయు అభయమును: దేశాంతరగమననియమముల చరిత్ర

దేశాంతరమునకుఁ బోఁదలఁచినవానికి నేఁడు రెండు మాటలు నిత్యపారాయణము లైనవి. ఒకటి పాస్‌పోర్టు, రెండవది వీసా. మా ఇబ్రహీంపట్నము చుట్టునుగల ఇంజనీరింగు కళాశాలలనుండి యేఁటేఁట వెలువడు యువకులలోఁ బెక్కండ్రు విదేశవిద్య నభిలషించువారే. వారి తల్లిదండ్రుల సంభాషణములందు సయితము ఈ మాటలు పంటలు, పెండ్లిండ్లు మొదలగువానితో సమానముగా వినవచ్చుచున్నవి. ఇవి పరభాషలనుండి వచ్చిన పదములు గాన వీని యర్థములుగూడఁ బరదేశీయములే యని సామాన్యముగాఁ దలఁతురు. అది సరి కాదు. ఈ వ్యవస్థ మన శాస్త్రములందును శాసనములందును జిరకాలమునుండి కలదు. దాని చరిత్రను బరిశీలించినచో, నేఁటి ప్రయాణికుని క్లేశమునకు ముద్ర యుండుట కారణము కాదనియు, ముద్రనుగూర్చిన నియమమునకు నిలుకడ లేకుండుటయే కారణమనియుఁ దేటపడును.

కౌటిల్యుని యర్థశాస్త్రమున 2వ యధికరణమందలి 34వ యధ్యాయము ముద్రాధ్యక్షునిఁ గూర్చినది. అతఁడు ఒక మాషకము రుసుము గైకొని ముద్ర నీయవలెను. ముద్ర గలవాఁడే జనపదమును బ్రవేశించుటకుఁ గాని, దానినుండి వెడలుటకుఁ గాని యర్హుఁడు. ముద్ర లేని స్వదేశీయునకు 12 పణములు దండము. కూటముద్రతోఁ బట్టువడిన స్వదేశీయునకుఁ బూర్వసాహసదండమును, పరదేశీయునకు నుత్తమసాహసదండమును విధింపఁబడినవి. ఊళ్ల నడుమఁగల బీళ్లను గాపాడు వివీతాధ్యక్షుఁడు దారిఁబోవువారి ముద్రలను జూడవలెను. ఈ కొలఁది విధులలో నేఁటి వ్యవస్థయంతయు బీజరూపమున నున్నది. రుసుము, ప్రవేశనిర్గమములకు అనుమతి, కూటపత్రమునకు శిక్ష, స్వదేశీయునకును బరదేశీయునకును దండభేదము, అన్నిటికంటె ముఖ్యముగా ముద్ర నిచ్చువాఁ డొకఁడు, దానిని జూచువాఁడు వేఱొకఁడు అను కార్యవిభాగము.

ఇచ్చట శబ్దవిచార మొకింత యావశ్యకము. ముద్రతోఁ గూడినవానిని జెప్పుటకుఁ గౌటిల్యుఁడు వాడిన పదము 'సముద్రః' అనునది. 'సహ' శబ్దమునకు 'స' ఆదేశమైన బహువ్రీహి. రూపము సాగరవాచకమైన సముద్రశబ్దమువలెనే యున్నను వ్యుత్పత్తి వేఱు. సాగరవాచకము 'సమ్' అను నుపసర్గముతోఁ గూడిన, తడుపుట యను నర్థముగల 'ఉంద్' ధాతువునుండి పుట్టినది. ముద్రాశబ్దము సంతోషార్థకమైన 'ముద్' ధాతువునుండి పుట్టినది. ఉణాదిసూత్రములలో ఈ రెండు ధాతువులకును 'రక్' అను నొకే ప్రత్యయము విధింపఁబడినది. సముద్రుఁడైనవాఁడే సముద్రమును దాఁటఁగలఁడని చమత్కారముగాఁ జెప్పవచ్చును. పాస్‌పోర్టనునది రేవును లేక ద్వారమును దాఁటుట యను నర్థముగల ఫ్రెంచిపదము. వీసా యనునది 'చూడఁబడినది' అను నర్థముగల లాటినుపదము. ముద్రాధ్యక్షుఁ డిచ్చునది పాస్‌పోర్టు. వివీతాధ్యక్షుఁడు చూచుట వీసా. పరదేశపు టధికారి మన ముద్రను జూచి సమ్మతించినట్లు వేయు గుర్తే వీసా యని గ్రహించినచో, ఈ రెంటి భేదమును సామాన్యులును దేలికగా నెఱుఁగుదురు.

కావ్యేతిహాసములందును ఈ యాచారము కానవచ్చును. మహాభారతమున వనపర్వమందు, సాల్వుఁడు ద్వారకను ముట్టడించినప్పుడు ముద్ర లేక యెవ్వఁడును నగరమునుండి వెడలరాదనియు, లోపలికి రారాదనియు నియమము చేసిరని కలదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున 5వ యంకమందు, మలయకేతుని శిబిరమునుండి భాగురాయణుని ముద్ర లేక వెడలఁబోయిన సిద్ధార్థకుఁడు పట్టువడును. కథయంతయు నాతఁడు పట్టువడుటపైనే మలుపు తిరుగును. ఈ రెండు తావులందును ముద్రానిర్బంధము యుద్ధకాలమునఁ గఠినమైన దనుట గమనింపఁదగినది. భయము హెచ్చినకొలఁది ద్వారము సన్నగిల్లును. ఇరువదవ శతాబ్దమునఁ బ్రపంచమంతటను జరిగినదియు నిదియే.

ఆంధ్రదేశమున నీ విషయమునకు శిరోమణియైన లేఖ్యము మోటుపల్లి యభయశాసనము. కాకతి గణపతిదేవచక్రవర్తి శా. శ. 1166, అనఁగా క్రీ. శ. 1244–45 నాఁడు దీనిని వేయించెను. పూర్వపు రాజులు తుపానుచేతఁ బగిలి తీరమునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని సర్వస్వమును బలాత్కారముగా హరించుచుండిరి. గణపతిదేవుఁడు, ధనము ప్రాణముకంటెను బ్రియమని తలఁచి సముద్రయానమునకుఁ దెగించిన వర్తకులపైఁ గృప వహించి, నిర్ణీతమైన సుంకము దక్క మఱేమియుఁ దీసికొనఁబడదని ప్రకటించెను. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై 30వ భాగము. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టునూలు, మిరియములు మున్నగు సరకులపైఁ గొనవలసిన సుంకములును వివరింపఁబడినవి. ఇందలి మహత్త్వము సుంకము స్వల్పమగుట యొక్కటే కాదు. దూరద్వీపమునందలి వర్తకుఁడు తన రేవున లంగరు తీయకమున్నే మోటుపల్లిలోఁ దన కేమి జరుగునో యెఱుఁగఁగలిగెను. ఎఱుఁగఁగలుగుటయే అభయము. క్రీ. శ. 1358 నాఁడు కొండవీటి యనపోతారెడ్డి యదే తావున సంస్కృతాంధ్రద్రావిడభాషలలో మరల శాసనము వేయించి, వర్తకులకు నివాసమును స్వేచ్ఛావిక్రయమును అనుగ్రహించెను. రాజవంశము మాఱినను శిలపై నిలిచిన మాట నూఱేండ్లు దాఁటి నిలిచినది.

దీనికి భిన్నమైన యభయమునకు మా యూరి పేరే స్మారకము. ఇబ్రహీంపట్నపుఁ జెఱువు ఇబ్రహీం కుతుబ్‌షా (క్రీ. శ. 1550–1580) పాలనకాలమునాఁటిది. ఆ సుల్తాను తన యన్న జంషీదునకు వెఱచి 1543లో దేశము విడిచి, విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున నేడేండ్లు గడపెను. అచ్చటనే తెలుఁగునందు రుచి గొని, పిదపఁ గవులచే మల్కిభరాముఁడని కొనియాడఁబడి, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకుఁ గృతిపతి యయ్యెను. పరదేశవాసము మనుజునకు నేమి యొసంగునో చెప్పుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. అయినను ఆ యాశ్రయము వ్యక్తుల స్నేహముపై నిలిచినది కాని నియమముపై నిలిచినది కాదు. 1565 నాఁటి రక్కసి తంగడి యుద్ధమున ఆ యతిథియే యాశ్రయదాతకు శత్రుపక్షమున నిలిచెను. వ్యక్తులపై నాధారపడిన యభయము వ్యక్తులతోఁ జలించును. లిఖితనియమముపై నాధారపడినది నిలుచును. ఈ రెంటి తారతమ్యమే తరువాతి చరిత్రయంతటికిని సూత్రము.

ఆధునికకాలమున పాస్‌పోర్టు నిర్బంధము మొదటి ప్రపంచసంగ్రామముతోఁ బ్రబలెను. 1920లో నానాజాతిసమితి పారిస్ నగరమున సదస్సు జరిపి పాస్‌పోర్టుపుస్తకమున కేకరూపమును సూచించెను. ఆ యేఁటనే హిందూదేశమునఁ బ్రవేశమునకు పాస్‌పోర్టును విధించుచు శాసనము పుట్టెను. అమెరికా 1917 చట్టముచే హిందూదేశపుఁ గార్మికులకు ద్వారము మూసి, విద్యార్థులు మున్నగు కొందఱికి మాత్రము మినహాయింపు నిచ్చెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డున విద్య నభ్యసించి, ఔషధపరిశోధనమున విశ్వఖ్యాతి గాంచెను. అతఁడు అమెరికాలో నివసించిన కాలమునఁ జాలభాగము హిందూదేశీయులకు నచ్చటి పౌరసత్వము నిషిద్ధము. 1946 చట్టము ఏఁటికి 100 మందికిఁ బ్రవేశమును, పౌరసత్వార్హతను గల్పించెను. సుబ్బారావు 1948లో మరణించెను.

బర్మాకుఁ బోయిన తెలుఁగువారి యనుభవము మఱింత శోచనీయము. విశాఖపట్టణము, గోదావరీమండలములనుండి వేలకొలఁది కూలీలు రంగూను రేవునకును మిల్లులకును బోయిరి. నాఁడు బర్మా హిందూదేశమున నొక భాగము. కావున వారు దేశాంతరమునకుఁ బోయినవారే కారు. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా వేఱుపడెను. 1947లో నచ్చటి ప్రవేశచట్టము పాస్‌పోర్టును గాని యనుమతిపత్రమును గాని విధించెను. 1962 తరువాతి పరిపాలనమున బెక్కుమంది కట్టుబట్టలతో మరలివచ్చిరి. విశాఖపట్టణమున వారికొఱకేర్పడిన బర్మా క్యాంపు నేఁటికిని ఆ కథను స్మరింపఁజేయును. వీరు సరిహద్దును దాఁటలేదు. సరిహద్దే వీరిని దాఁటిపోయినది. నియమము కాళ్లక్రింద మాఱుట యన నిదియే.

స్వతంత్రభారతమున లిఖితనియమము యొక్క విలువ న్యాయస్థానమున సిద్ధించినది. 1967 వఱకు పాస్‌పోర్టు నిచ్చుటయు నీకుండుటయు సర్కారువారి యిచ్ఛయే. ఆ యేఁట ఏప్రిలు 10వ తేదీన సత్వంత్‌సింగ్ సాహ్నీ వ్యాజ్యెమున, విదేశయానము రాజ్యాంగపు 21వ యధికరణమందలి వ్యక్తిస్వాతంత్ర్యమున నంతర్భూతమనియు, చట్టము లేక దానిని నిరోధింపరాదనియు సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. వెంటనే 1967 పాస్‌పోర్టుల చట్టము వెలసెను. 1978 జనవరి 25వ తేదీన మేనకాగాంధీ వ్యాజ్యెమున, చట్ట ముండుట మాత్రము చాలదనియు, దాని పద్ధతి న్యాయ్యమును యుక్తియుక్తమును గావలెననియు నిర్ణయింపఁబడెను. గణపతిదేవుఁడు దయచే నిచ్చినదానిని మన న్యాయస్థానము హక్కుగా నిలిపినది. ఆ చట్టముననే పాస్‌పోర్టు కేంద్రప్రభుత్వపు సొత్తని 17వ విభాగము చెప్పుచున్నది. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫుదేశములకుఁ బోవు శ్రామికు లీ విభాగమును దప్పక యెఱుఁగవలెను. యజమానుఁడు పాస్‌పోర్టును దాఁచిపెట్టుకొనుట మన సర్కారు సొత్తును దాఁచుటయే.

ఇఁక నేఁటి స్థితి. ప్రయాణికుఁడు మూఁడు గడువులను వేర్వేఱుగా నెఱుఁగవలెను. పాస్‌పోర్టు గడువు స్వదేశ మిచ్చునది; పెద్దలకు 10 ఏండ్లు, పిల్లలకు సామాన్యముగా 5 ఏండ్లు. వీసా గడువు పరదేశము ద్వారమునొద్దకు రానిచ్చు కాలము. మూఁడవది లోపల నుండుటకు ద్వారమున నిచ్చు కాలము; అమెరికాలో దీనికి ఐ-94 అను పత్రము ప్రమాణము. వీసా యింకను మూఁడేండ్లున్నను, పాస్‌పోర్టు త్వరలో ముగియునదైనచో ద్వారాధికారి యా పాస్‌పోర్టు గడువు వఱకే నివాసమును పరిమితము చేయవచ్చును. పెక్కుదేశములు ప్రవేశసమయమున పాస్‌పోర్టునకు 6 నెలల గడువు మిగిలియుండవలెనని కోరును. మనదేశమున గడువు తీరుట కొక యేఁడు ముందుగనే నవీకరణమునకు దరఖాస్తు చేయవచ్చును. ప్రాఁతపుస్తకమున నింకను జెల్లుచున్న అమెరికా వీసా యున్నచో, క్రొత్తపుస్తకముతోపాటు దానినిఁ గూడఁ గొనిపోవలెను.

ఇంత జాగరూకుఁడైనవానికిని నియమపుఁ జాంచల్యము తప్పదు. 1990 చట్టముచే నేర్పడిన హెచ్-1బి వీసా సంఖ్య యేఁటికి 65,000. అమెరికాలోఁ బైచదువులు చదివినవారికి మఱి 20,000. 2025 సెప్టెంబరు 19వ తేదీన క్రొత్త హెచ్-1బి యర్జీలపై 1,00,000 డాలర్లు విధించుచు నధ్యక్షశాసనము వెలువడెను. రెండు దినములలో నమలులోనికి వచ్చెను. అది యిదివఱకే వీసా గలవారికి వర్తించునో లేదో మొదట స్పష్టము గాకుండుటచే, స్వదేశమునకు వచ్చినవారు శుభకార్యములను సైతము విడిచి విమానాశ్రయములకుఁ బరుగులిడిరి. వర్తింపదను వివరణము మఱునాఁడు గాని రాలేదు. ఆ యేఁటి డిసెంబరు 15వ తేదీనుండి సాంఘికమాధ్యమముల పరిశీలన హెచ్-1బి వారికిని విస్తరింపఁబడఁగా, మనదేశమునఁ బెక్కండ్ర ముఖాముఖి దినములు నెలలకొలఁది వెనుకకు నెట్టఁబడెను. ఉద్యోగ మచ్చట, ఆలుబిడ్డలు కొంద ఱచ్చట, తాను మాత్ర మిచ్చట నిలిచిపోయినవా రనేకులు.

మా రంగారెడ్డి జిల్లాలోని చిలుకూరున వెలసిన వేంకటేశ్వరుని జనులు 'వీసా బాలాజీ' యని పిలుతురు. మ్రొక్కుకొనునప్పుడు 11 ప్రదక్షిణములు, కోరిక నెఱవేరినపిదప 108 ప్రదక్షిణములు అచ్చటి యాచారము. ఆ జిల్లాలోనే నానక్‌రామ్‌గూడలో 2023నుండి అమెరికా కాన్సులేటు నూతనభవనమునఁ బనిచేయుచున్నది. పత్రములన్నియు సరిగా నున్నను ఫలము తెలియనప్పుడు, నరుఁ డీయలేని యభయమును నారాయణుని యభయహస్తమునఁ గోరుట సహజమే. దీనిని మూఢత్వమని పరిహసించుటకంటె, ఇట్టి యవస్థకుఁ గారణమేమని విచారించుట మేలు.

తన ద్వారమును దెఱచుటయు మూయుటయు ప్రతిరాజ్యమునకును గల యధికారమే. కౌటిల్యుఁడును దానిని గాదనలేదు. కాని యాతని మాషకమును, 12 పణములును గ్రంథమున నిర్ణీతములు. గణపతిదేవుని 30వ భాగము శిలపై నిర్ణీతము. ప్రయాణికుఁడు కోరునది సుంకము లేకుండుట కాదు, ముద్ర లేకుండుట కాదు. బయలుదేఱునాఁటి నియమము చేరునాఁటికిని నిలిచియుండుటయు, మార్చవలసివచ్చినచో దారిలో నున్నవారిని విడిచి మార్చుటయు మాత్రమే. తుపానునఁ జిక్కిన యోడను దోఁచుకొనరాదని సుమా రేడువందలయెనుబది యేండ్లకుఁ బూర్వము మోటుపల్లితీరమున వ్రాయఁబడిన ధర్మమున కర్థ మిదియే.