శీతల పరమాణు కంప్యూటర్ – పీణ్య

బెంగళూరు నగరానికి వాయవ్యంగా, తుమకూరు మార్గంలో ఉన్న పీణ్య అనగానే లేతు యంత్రాలు, లోహపు పనిశాలలు స్ఫురిస్తాయి. భారతదేశపు తొలి ఉపగ్రహమైన ఆర్యభట్ట రూపుదిద్దుకొన్నది ఇక్కడి పారిశ్రామిక షెడ్లలోనే. యు.ఆర్. రావు నాయకత్వంలో తయారైన ఆ ఉపగ్రహం 1975 ఏప్రిల్ 19న కక్ష్యకు చేరింది. ఇస్రో వారి ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల నేడు ఇదే పీణ్యలో ఉపగ్రహాలకు కటకాలను, నక్షత్రాలను చూచి దిక్కు గుర్తించే పరికరాలను రూపొందిస్తున్నది. క్వాంటమ్ కంప్యూటర్ల నిర్మాణంలో ఒక పద్ధతికి కావలసిన సామగ్రి కూడా ఇంచుమించు ఈ కోవలోనిదే: కటకాలు, లేసర్లు, గాలి చొరని లోహపు పేటికలు.

ఆ పద్ధతిలో గణన చేసేది విద్యుదావేశం లేని పరమాణువు, తరచుగా రుబీడియం. ఒక్కొక్క పరమాణువు ఒక్కొక్క క్యూబిట్. ఒకే ఐసోటోపుకు చెందిన పరమాణువులన్నీ ప్రకృతిలోనే ఏకరీతిగా ఉంటాయి గనుక క్యూబిట్‌ను తయారు చేయవలసిన పని లేదు. పట్టి నిలపడమే కష్టం. గది ఉష్ణోగ్రత వద్ద అవి సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంటాయి. తన వైపు దూసుకువచ్చే పరమాణువే అధికంగా గ్రహించే విధంగా సవరించిన లేసర్ కాంతిని ఆరు దిక్కుల నుండి ప్రసరింపజేస్తే, ఆ తాకిడికి వేగం తగ్గి పరమాణువు చల్లబడుతుంది. దాని ఉష్ణోగ్రత నిరపేక్ష శూన్యానికి డిగ్రీలో వెయ్యవ వంతు కన్న చేరువకు వస్తుంది. ఇంతా చేసి, పేటిక గోడ మాత్రం గది వేడిమిలోనే ఉంటుంది! ఈ విధానానికి స్టీవెన్ చూ, క్లాడ్ కోహెన్ తనూజీ, విలియం ఫిలిప్స్ 1997లో నోబెల్ బహుమతి పొందారు.

పిమ్మట సన్నని లేసర్ కిరణాలు పట్టకార్ల వలె పరమాణువులను వరుసగా నిలుపుతాయి. ఒక పరమాణువును రిడ్బర్గ్ స్థితికి ఉత్తేజపరచినప్పుడు అది ఎంతో ఉబ్బి, పక్కదానిని ఆ స్థితికి రానీయదు. రెండు క్యూబిట్ల మధ్య గణనకు ఈ అడ్డగింతే ఆధారం. 2023లో హార్వర్డ్‌లోని మిఖాయిల్ లుకిన్ బృందం 280 వరకు పరమాణువులను వాడి, తప్పులను పట్టగల 48 తార్కిక క్యూబిట్లను చూపింది. పేటికలో మిగిలిన గాలి అణువు ఒక్కటి తగిలినా పరమాణువు ఎగిరిపోతుంది. కావుననే ఈ విద్యలో పేటిక అతుకు నాణ్యత సమీకరణాలకు తీసిపోదు.

పరికరాలకు పరాయి దేశాలపై ఆధారపడితే ఏమవుతుందో రుబీడియమే ఒకసారి నేర్పింది. 2013లో ప్రయోగించిన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్. 1ఎ ఉపగ్రహంలోని మూడు దిగుమతి రుబీడియం గడియారాలూ కొన్నేళ్లకే విఫలమై, దారిచూపే పనికి అది కొరగాకుండా పోయింది. స్వదేశీ రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్.వి.ఎస్. 01తో గాని అంతరిక్షానికి చేరలేదు.

ఆర్యభట్ట ఎగిరిన తేదీనే, 2023 ఏప్రిల్ 19న, కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించడం యాదృచ్ఛికమే. అందులో కంప్యూటింగ్ విభాగానికి కేంద్రంగా బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థను 2024లో ఎంపిక చేశారు.