బొమ్మ నిలిచాకే డబ్బు

కాప్రా పొరుగున 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టీవీ గుర్తుందా? కొట్లో పెట్టించి, బొమ్మ నిలిచాకే కొంగుముడి విప్పేవాళ్లం. ఇప్పటి పిల్లలో? వీడియో గేము తయారవకముందే డబ్బు కట్టేస్తున్నారు! పోలండు కంపెనీ సీడీ ప్రాజెక్ట్ వారి 'సైబర్‌పంక్ 2077'కి అలా ముందే వచ్చిన ఆర్డర్లు 80 లక్షలు. 2020 డిసెంబరు 10న ఆట వచ్చింది. తీరా చూస్తే, టీవీకి తగిలించే ప్లేస్టేషన్ 4 పెట్టెలో నత్తనడక, ఉన్నట్టుండి ఆగిపోవడం. ఆ పెట్టె మీద ముందుగా ఆడించి చూపనందుకు కంపెనీయే క్షమాపణ చెప్పుకుంది. కిటుకంతా అక్కడే ఉంది లెండి. వారం తిరిగేసరికి సోనీ తన అంగడిలోంచి ఆటను తీసేసి, డబ్బు వాపసిస్తానంది. ఆపైన మరమ్మతుల మీద మరమ్మతులు, విస్తట్లో వడ్డించాక పప్పు ఉడకేసినట్టు! 2021 జూన్‌లో మళ్లీ అమ్మకానికి పెట్టారు, ప్లేస్టేషన్ 4లో ఇంకా ఇబ్బందులుండొచ్చన్న హెచ్చరికతో సహా.