పళ్లు తెల్లబరిచే పదార్థాలు: ఇంట్లో వాడితే ఏది మేలు, ఏది చేటు?

ఉప్పు, బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి, వేపపుల్ల... పళ్లు తళతళలాడాలని మనవాళ్లు వాడని వస్తువు లేదు. ఈ తరానికి వచ్చేసరికి నిమ్మరసంలో కలిపిన వంటసోడా, బొగ్గు పేస్టులు, జెల్ పెన్నులు, స్ట్రిప్పులు, నీలిరంగు లైటు కిట్లు వచ్చాయి. ఏది మంచిదని అడిగితే ఎవరి అనుభవం వాళ్లు చెబుతారు. ఈ వ్యాసం అనుభవాలను పక్కనపెట్టి, పరీక్షల్లో తేలిన విషయాలను మాత్రమే పట్టుకుని సాగుతుంది.

ఆ పరీక్షలు రెండు రకాలు. మనుషుల మీద జరిగినవి కొన్ని, పీకిన పళ్ల మీద ప్రయోగశాలల్లో జరిగినవి కొన్ని. వీటికి సమానమైన బరువు ఇవ్వలేం. పీకిన పంటికి లాలాజలం అందదు, నొప్పి తెలియదు. కాబట్టి ప్రయోగశాలలో బాగా పనిచేసింది నోట్లోనూ అలాగే పనిచేస్తుందని నమ్మడానికి లేదు. అక్కడే పంటిని దెబ్బతీసిన పదార్థాన్ని మాత్రం నోటికి దూరంగా ఉంచడమే క్షేమం.

ముందు మరక ఎక్కడుందో తెలియాలి

పంటి పైపొర ఎనామిల్. అది కొంత పారదర్శకంగా ఉంటుంది. దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే లేత పసుపు. ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కాస్త పచ్చగా కనిపించడానికి కారణం ఇదే. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి, డెంటిన్ మందమై, ఆ పసుపు ఇంకా తెలుస్తుంది.

మరకలు రెండు చోట్ల ఉంటాయి. టీ, కాఫీ, కిళ్లీ, గుట్కా, పొగాకు, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతల మందు వల్ల వచ్చేవి పైపైన పట్టేవి. గార కూడా పైపైనే పేరుకుంటుంది. వీటికి దంతవైద్యుడి దగ్గర ఒకసారి క్లీనింగ్ చేయించుకుంటే చాలావరకు సరిపోతుంది, బ్లీచింగ్ అవసరమే రాకపోవచ్చు. వయసు వల్ల వచ్చే పసుపు, చిన్నతనంలో వాడిన టెట్రాసైక్లిన్ మందు వల్ల వచ్చే బూడిదరంగు చారలు, ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే గోధుమరంగు మచ్చలు పంటి లోపలివి. ఎంత తోమినా ఇవి పోవు. పైమరకకు లోపలి మందు, లోపలి మరకకు పైమందు వాడటమే ఇంటి ప్రయోగాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు.

పెరాక్సైడ్లు: ఎక్కువ ఆధారాలున్న దారి

పంటి లోపలి రంగును నిజంగా తగ్గించగలవని మనుషుల మీద పరీక్షల్లో బలంగా తేలినవి హైడ్రోజన్ పెరాక్సైడ్, కార్బమైడ్ పెరాక్సైడ్. రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్, యూరియా కలిసిన పదార్థం. నోట్లో అది విడిపోయి పెరాక్సైడ్‌ను వదులుతుంది. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ అంటే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. ఈ లెక్క తెలియకపోతే డబ్బా మీది అంకె చూసి మోసపోతాం. 16 శాతం అని రాసిన కార్బమైడ్ జెల్ కంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ స్ట్రిప్పే కాస్త ఘాటు.

పెరాక్సైడ్ ఎనామిల్ గుండా లోపలికి దిగి, రంగు కలిగించే పెద్ద అణువులను ఆక్సీకరణంతో విడగొడుతుంది. అది కొద్ది నిమిషాల్లోనే పంటి మధ్యనున్న నరాల గుజ్జు దాకా చేరగలదు. తెల్లబడటానికీ, పళ్లు జివ్వుమనడానికీ మూలం ఈ ఒక్క గుణమే.

ఇంట్లో చేసుకునే బ్లీచింగ్‌కు శాస్త్రీయ రూపం వచ్చింది 1989లో. అమెరికాకు చెందిన హేవుడ్, హేమన్ అనే దంతవైద్యులు రాత్రిపూట ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పెట్టుకునే పద్ధతిని ఆ ఏడాది ప్రచురించారు. పద్ధతి ఇలా ఉంటుంది. దంతవైద్యుడు పళ్ల అచ్చు తీసి, దానికి సరిపోయే పలుచని ట్రే చేయిస్తాడు. ట్రేలో ఒక్కో పంటి ముందుభాగానికి ఎదురుగా చిన్న చుక్క జెల్ వేసి పెట్టుకోవాలి. చిగుళ్ల మీదికి పొంగిన జెల్‌ను వెంటనే వేలితోనో, మెత్తని బ్రష్‌తోనో తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే చిగురు అంచు తెల్లగా పాలిపోయి మండుతుంది. ట్రే సరిగా కుదిరితే లాలాజలం లోపలికి పెద్దగా రాదు కాబట్టి జెల్ ఎక్కువసేపు పనిచేస్తుంది. ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో కొలిచి చూస్తే, ట్రేలో పెట్టిన రెండు గంటల తరువాత కూడా సగానికి పైగా మందు మిగిలే ఉంది. పది గంటలకు అది పదో వంతుకు తగ్గింది.

స్ట్రిప్పుల్లో ఉండేదీ పెరాక్సైడే. సరిగా అంటుకుంటే అవీ పనిచేస్తాయి. అయితే అందరికీ ఒకే కొలత కాబట్టి వంకరపళ్ల సందుల్లోకి అవి అందవు. పెన్నుతో పూసే జెల్ లాలాజలంలో త్వరగా కొట్టుకుపోతుంది. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం 6 శాతం గాఢత ఉంటుంది. దాన్ని నీళ్లు కలపకుండా నోట్లో పోసుకుంటే చిగుళ్లు, నాలుక మండుతాయి. ద్రవం కాబట్టి పంటి మీద నిలవదు. అంటే లాభం తక్కువ, నష్టం ఎక్కువ.

సాక్ష్యం బలం ఎంత?

ఇంటి బ్లీచింగ్ మీద కోక్రేన్ సంస్థ 2018లో వెలువరించిన సమీక్ష 71 అధ్యయనాలను, మొత్తం 3,780 మంది పెద్దలను పరిగణనలోకి తీసుకుంది. బ్లీచింగ్ పదార్థాలు ఉత్తుత్తి మందు కంటే తెల్లబరుస్తాయనీ, అది కొద్దికాలపు ఫలితమేననీ తేల్చింది. ఆ అధ్యయనాలు రెండు వారాల నుంచి ఆరు నెలల వరకే చూశాయి. సాక్ష్యం నాణ్యత తక్కువ, చాలా తక్కువ అన్న శ్రేణుల్లోనే నిలిచింది. పక్షపాతానికి అవకాశం తక్కువని సమీక్షకులు ఒప్పుకున్నవి రెండే రెండు అధ్యయనాలు. ఏ బ్రాండు, ఏ గాఢత, ఏ పద్ధతి అన్నిటికన్నా మేలని ఖరాఖండిగా చెప్పే ప్రకటనలకు ఈ పునాది సరిపోదు.

గాఢత విషయంలో మాత్రం ధోరణి స్పష్టం. ఎక్కువ శాతం జెల్ వేగంగా తెల్లబరుస్తుంది. కొన్ని వారాలు గడిచాక చూస్తే తక్కువ శాతం జెల్ ఫలితానికీ దానికీ తేడా తగ్గిపోతుంది. జివ్వుమనడం, చిగుళ్ల మంట మాత్రం గాఢతతో పాటు పెరుగుతాయి. నీలిరంగు లైటు విషయంలో, జెల్ ఇచ్చే ఫలితానికి అది గట్టిగా ఏదైనా జోడిస్తుందని సమీక్షలు నిరూపించలేకపోయాయి.

మరో సంగతి. బ్లీచింగ్ చేసిన వెంటనే పన్ను ఎండి, ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. తేమ తిరిగి చేరాక రంగు కాస్త వెనక్కి వస్తుంది. అందుకే అసలు ఫలితం చూడాలంటే ఒకటి రెండు వారాలు ఆగాలి. ప్రకటనల్లోని ‘ముందు, తరువాత’ ఫొటోలు ఎప్పుడు తీశారో తెలియకుండా వాటిని ఆధారంగా తీసుకోకూడదు.

పెరాక్సైడ్ లేదనే ఉత్పత్తులు

‘పెరాక్సైడ్ రహితం’ అని అమ్మే వాటిలో కొన్నిటిలో థాలిమిడోపెరాక్సీకాప్రోయిక్ ఆమ్లం ఉంటుంది. క్లుప్తంగా పీఏపీ అంటారు. పేరెలా ఉన్నా ఇదీ ఆక్సీకరణంతోనే పనిచేస్తుంది. ప్రయోగశాల పరీక్షల్లో ఆశ కలిగించింది, తక్కువ జివ్వుమనిపిస్తుందన్న వాదనా ఉంది. కానీ పుల్లగా, అంటే ఆమ్లత్వం ఎక్కువగా తయారుచేసినవి ఎనామిల్‌ను దెబ్బతీసే ప్రమాదం ఉంది. మనుషుల మీద పెద్ద, స్వతంత్ర పరీక్షలు వచ్చేదాకా దీన్ని పెరాక్సైడ్‌కు సాటి అనలేం.

సోడియం క్లోరైట్‌ను ఆమ్లంతో కలిపి క్లోరిన్ డయాక్సైడ్ పుట్టించే ఉత్పత్తులు వేరే సంగతి. అవి పనిచేయడానికే ఆమ్లం కావాలి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను గరుకుగా మారుస్తుంది. దొరికిన ఆధారాల్ని బట్టి ఇది వాడదగింది కాదు. సోడియం పెర్‌బొరేట్‌ను పునరుత్పత్తి మీద దుష్ప్రభావాల దృష్ట్యా యూరప్ సౌందర్య సాధనాల నుంచి తొలగించింది.

కొన్ని పేస్టుల్లో నీలిరంగు కోవరిన్ ఉంటుంది. అది మరకను తీయదు. తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టు, పంటి మీద పలుచని నీలిఛాయ పరిచి పసుపును కంటికి తగ్గించి చూపిస్తుంది. కాసేపటికి పోతుంది. హాని తక్కువే, ఫలితమూ తాత్కాలికమే.

వంటింటి చిట్కాలు

పచ్చి చింతకాయో, పుల్లమామిడో ఎక్కువగా తింటే పళ్లు పులుస్తాయని మనకు తెలుసు. ఆమ్లం తగిలితే పంటికి ఏమవుతుందో చెప్పే మొదటి హెచ్చరిక అది. ఎనామిల్ నుంచి ఖనిజాలు కరగడం సుమారు 5.5 పీహెచ్ దగ్గర మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది.

నిమ్మరసంలో వంటసోడా వేస్తే బుసబుసా నురగ వస్తుంది. ఆ నురగ మరకను కొరికేస్తోందని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి హరించుకుంటున్నప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ అది. నిమ్మరసం ఎక్కువైతే మిగిలిన ఆమ్లం ఎనామిల్ మీద పడుతుంది. మెత్తబడిన ఎనామిల్‌ను ఆ వెంటనే బ్రష్‌తో రుద్దితే అది అరుగుతుంది. అరిగితే లోపలి పసుపు డెంటిన్ మరింత బయటపడుతుంది. తెలుపు కోసం మొదలుపెట్టిన పని పసుపుతో ముగుస్తుంది. అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు.

స్ట్రాబెర్రీ, వంటసోడా మిశ్రమాన్ని 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు పీకిన పళ్ల మీద పరీక్షించారు. పెరాక్సైడ్ పద్ధతులు రంగు మార్చాయి. ఈ మిశ్రమం చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదు.

వంటసోడా ఒక్కటే అయితే తీర్పు కొంత మెతక. అది ఎనామిల్ కన్నా మెత్తనిది, అరిగించే గుణం తక్కువ. టీ, కాఫీ పైమరకల్ని తగ్గించగలదు, లోపలి రంగును ముట్టుకోదు. ఫ్లోరైడ్‌తో కలిసి పేస్టులో ఉంటే సరే, పేస్టు మానేసి పొడి సోడాతో తోమితే ఫ్లోరైడ్ రక్షణ పోతుంది.

బొగ్గు మీద 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష, తెల్లబరుస్తుందనడానికీ, సురక్షితమనడానికీ తగిన ఆధారం లేదని తేల్చింది. బొగ్గు పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. గరుకు బొగ్గు, ఇటుకపొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పళ్లపొడి విషయంలో ఇంకో జాగ్రత్త. పొగాకు కలిపిన పళ్లపొడులు, పేస్టుల్ని 1992లోనే భారత ప్రభుత్వం నిషేధించింది. పేరూ, పదార్థాల వివరమూ లేని పొడిని నోట్లో పెట్టుకోవద్దు.

నల్లగొండ, ప్రకాశం పళ్లకు ఇవి మందు కాదు

తెలుగు నేలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన బాధ ఉంది. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో తరాలుగా పిల్లల పళ్లు మచ్చలు పడి, గోధుమరంగుకు తిరిగాయి. ఆ మచ్చ మురికి కాదు. సుమారు ఎనిమిదేళ్లలోపు, ఎనామిల్ తయారవుతున్నప్పుడు ఒంట్లోకి చేరిన ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల ఆ పొరే లోపంతో ఏర్పడింది. పళ్లు సరిగా తోముకోరని ఆ పిల్లల్ని, ఆ యువతీయువకుల్ని నిందించడం అన్యాయం.

అలాంటి ఎనామిల్ మీద నిమ్మరసం, బొగ్గు మరీ ప్రమాదం. బ్లీచింగ్ ఒక్కటే చేస్తే పసుపు తగ్గినా, తెల్లమచ్చలు ఒక్కోసారి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పైపొరను అతి పలుచగా తీసే మైక్రోఅబ్రేషన్, రెజిన్ ఇంకించడం వంటివి దంతవైద్యుడు తీవ్రతను చూసి ఎంచుకోవాల్సిన చికిత్సలు.

ఎవరు వాడకూడదు, ఎలా వాడాలి

యూరోపియన్ యూనియన్ 2012 అక్టోబరు 31 నుంచి అమలుచేస్తున్న నిబంధన మంచి కొలమానం. 0.1 శాతం వరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నవే ఎవరికైనా అమ్మవచ్చు. అంతకు మించి 6 శాతం వరకు ఉన్నవి దంతవైద్యులకే అమ్మాలి, తొలిసారి వాడకం వారి దగ్గరే జరగాలి, 18 ఏళ్లలోపు వారికి కూడదు. దీని వెనక ఉన్న తర్కం సూటిగా ఉంది: వాడే ముందు ఎవరో ఒకరు నోరు తెరిచి చూడాలి. పిప్పిపన్ను, పగిలిన పన్ను, చిగుళ్ల వాపు ఉండగా పెరాక్సైడ్ వాడితే నొప్పి కొనితెచ్చుకున్నట్టే. ఒక్క పన్నే నల్లబడితే దాని నరం చచ్చిపోయి ఉండవచ్చు, దానికి కావాల్సింది ఎక్స్‌రే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మేలు.

జివ్వుమనడం చాలామందికి వస్తుంది, ఎక్కువమందికి వాడకం ఆపాక కొద్దిరోజుల్లో తగ్గుతుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, రోజు విడిచి రోజు వాడటం ఉపశమనం ఇస్తాయి. కట్టించుకున్న పళ్లు, క్యాపులు, ఫిల్లింగుల రంగు ఏ జెల్‌తోనూ మారదు. అవి ముందుపళ్లకు ఉంటే చుట్టూ పళ్లు తెల్లబడి, అవి వేరుగా కనిపిస్తాయి.

నిర్ధారణ

ఇప్పటిదాకా ఉన్న ఆధారాలను పక్కపక్కన పెడితే వరుస ఇలా తేలుతుంది. పైమరకలకు క్లీనింగ్, రోజూ ఫ్లోరైడ్ పేస్టు. లోపలి పసుపుకు, దంతవైద్యుడు చూశాక, సరిపోయే ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. దీనికి ఆధారం ఎక్కువ, ఇబ్బంది తక్కువ. గాఢత స్పష్టంగా రాసిన పెరాక్సైడ్ స్ట్రిప్పులు ఆ తరువాతవి. పీఏపీకి ఇంకా పరీక్షలు కావాలి. బొగ్గు, సోడియం క్లోరైట్, నిమ్మరసం వదిలేయాల్సినవి. పదార్థం పేరు, శాతం రాయని ఏ డబ్బానూ కొనకండి. లేత పసుపు రోగం కాదు. పన్ను గట్టిగా, చిగురు ఆరోగ్యంగా ఉంటే అదే మొదటి అందం. అరిగిన ఎనామిల్‌ను ఏ కిట్టూ తిరిగి తేలేదు కాబట్టి, ప్రయోగానికి ముందు ఒక్కసారి దంతవైద్యుడికి చూపించుకోండి.