బరువులెత్తుట: వ్యయమెంత? ఫలమెంత?

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను కొంత వ్రాసియుంచెను. రాయలు తెల్లవారకమునుపే లేచి నువ్వులనూనె త్రాగును. ఒడలెల్ల అదే నూనె పట్టించుకొనును. నడుమునకు చిన్నబట్ట చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తును. పిమ్మట కత్తి పట్టి, త్రాగిన నూనె చెమటగా వెడలిపోవువరకు సాము చేయును. తరువాత ఒక మల్లునితో పెనగును. అటుపైన గుఱ్ఱమెక్కి తెలతెలవారువరకు మైదానమున స్వారిచేయును. స్నానము, దేవతార్చన, రాజకార్యము అన్నియు దాని తరువాతనే.

ఈ శ్రమకు తగిన ఫలము కలదా యను సందేహము రాయలకు కలిగియుండదు. స్వయముగా దండయాత్రలు నడపు రాజునకు భుజబలము అలంకారము గాదు, ఆయుధము. కాలము ఆయనది, ధనము ఆయనది, మల్లుడు ఆయన కొలువువాడు. సామాన్య గృహస్థుని స్థితి వేరు. ఇంటిలోని కుఱ్ఱవాడు బరువులెత్తుట నేర్చుకొందునని అడిగినపుడు తండ్రి మనస్సున మూడు ప్రశ్నలు ఒక్కసారిగా మెదలును. చదువుకొనవలసిన కాలమేమగును? పాలకును, గ్రుడ్లకును, బాదముపప్పునకును డబ్బెక్కడిది? నడుము పట్టివేసినచో రేపు వానిని చూచువారెవరు? అడిగినది ఆడపిల్లయైనచో నాల్గవ ప్రశ్న కూడ చేరును. అది నలుగురేమనుకొందురో యనునది.

ఈ ప్రశ్నలను తేలికగా త్రోసివేయరాదు. ఇవి పిఱికితనమువలన పుట్టినవి కావు. ఇంటి జమాఖర్చు తెలిసినవారి ప్రశ్నలు. చరిత్రను సాక్షిగా పిలిచి వీనికి సమాధానము వెదకుదము.

మన పల్లెలలో బరువులెత్తుట క్రొత్త విద్య కాదు. ఉత్తరాంధ్ర గ్రామములలో సంగిడిరాళ్ళను ఎత్తు పందెములు పండుగలకును జాతరలకును జరుగుచునే వచ్చినవి. గరిడీలలోను తాలింఖానాలలోను దండీలు, బస్కీలు, కఱ్ఱసాముతోపాటు గుండ్లనెత్తుటయు నేర్పెడివారు. దీనికైన ఖర్చు స్వల్పము. రాయి ఊరిది, నేల ఊరిది, గురువునకు దక్షిణ శక్తికొలది. పగలు పొలములో మూటలు మోయువాడు సాయంకాలము రాయి ఎత్తెడివాడు. పనికిని ఆటకును మధ్య నేడున్నంత దూరము నాడు లేదు.

ఆ గాలి పీల్చి పెరిగినవాడే కోడి రామమూర్తినాయుడు. నాటి శ్రీకాకుళ ప్రాంతములోని వీరఘట్టమున జన్మించి, విజయనగరమున బలము గడించి, మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, కొంతకాలము బడిపిల్లలకు వ్యాయామము నేర్పెను. ఆపైన సర్కసు సంఘమును నడపి దేశమంతట తిరిగెను. ఱొమ్మునకు ఇనుపగొలుసు బిగించుకొని, ఊపిరి పూరించి దానిని తెంచుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, కదలబోవు మోటారుకార్లను గొలుసులతో పట్టి నిలుపుట ఆయన ప్రదర్శనములలో ప్రసిద్ధములు. ఆయన శాకాహారి యగుట చూపఱులకు మఱింత ఆశ్చర్యము గొలిపినది. లోకము ఆయనను కలియుగ భీముడనెను.

ఆ జీవితపు లెక్క కూడ చూడవలసియున్నది. ఆర్జించినదానిలో చాలభాగము దానధర్మములకు పోయినది. చివరి దినములలో కాలిపుండు విషమించి ఆ కాలు తీసివేయవలసివచ్చెను. 1942లో ఒరిస్సాలోని బలాంగీరులో ఆయన కన్నుమూసెను. ధనము మిగులలేదు, దేహము మిగులలేదు. అయినను శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణమునకు ఆయన పేరే నిలిచియున్నది. ఒక్కని బలమును చూచి ఆ జిల్లాలో ఎందఱు బాలురు వ్యాయామశాలల దారి పట్టిరో లెక్క వ్రాసినవారు లేరు. ఆ లాభము ఆయన ఖాతాలో జమపడలేదు. జిల్లా ఖాతాలో జమపడినది.

ఇంతలో పడమటి దేశములలో ఈ విద్య నియమబద్ధమైన క్రీడగా మాఱుచుండెను. 1896లో ఏథెన్సున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే దీనికి చోటు దొరకెను. అప్పుడు శరీరపు తూకమునుబట్టి తరగతులు లేవు. రెండుచేతుల పోటీలో డెన్మార్కువాడగు విగ్గో జెన్సెన్, బ్రిటనువాడగు లాన్సెస్టన్ ఇలియట్ ఇరువురును 111.5 కిలోలే ఎత్తిరి. ఎత్తిన తీరు బాగున్నదని జెన్సెనునకు ప్రథమస్థానమిచ్చిరి. కాని ఇంకను ఎక్కువ ఎత్తబోయి అతడు భుజము నొప్పించుకొనెను. వెనువెంటనే జరిగిన ఒంటిచేతి పోటీలో ఇలియట్ 71 కిలోలెత్తి గెలిచెను. శరీరము తన సుంకమును మొదటినాడే వసూలు చేసినదన్నమాట.

1920 నుండి తూకపు తరగతులు వచ్చినవి. 1928 నుండి రెండు చేతులతో మూడు విధములుగా ఎత్తుట స్థిరపడినది. బరువును భుజములకు తెచ్చి కేవలము చేతుల బలముతో పైకి నెట్టుట ప్రెస్. నేలనుండి ఒక్క ఊపున తలపైకి తెచ్చుట స్నాచ్. భుజములవద్ద ఒకమారు ఆపి, పిదప కాళ్ళ ఊతతో పైకెత్తుట క్లీన్ అండ్ జెర్క్. వీనిలో ప్రెస్ కథ మన ప్రశ్నకు చాల దగ్గఱది. నిటారుగా నిలిచి నెట్టవలసిన బరువును, పోటీ పెరిగినకొలది క్రీడాకారులు నడుమును వెనుకకు విల్లువలె వంచి నెట్టసాగిరి. ఎంత వంపు న్యాయము, ఎంత అన్యాయము అని తీర్పరులు తేల్చలేకపోయిరి. వెన్నెముక క్రిందిభాగమునకు హాని కలుగునను భయము పెరిగినది. 1972 మ్యూనిక్ ఒలింపిక్సు పిదప ఆ అంశమునే తొలగించిరి. ఒక క్రీడ తన అంగమునే తాను కోసివేసికొని, ఈ వ్యయమునకు ఈ ఫలము చాలదని ఒప్పుకొనుట చరిత్రలో అరుదు. ఏది శ్రమయో, ఏది వృథాహానియో విడదీయవచ్చునని ఆ నిర్ణయము చూపినది.

తెలుగువారు ఈ క్రొత్త క్రీడను త్వరగానే అందుకొనిరి. కృష్ణాజిల్లా వాసియగు దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్సున మనదేశము పక్షమున బరువులెత్తెను. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రమున భీముని పాత్ర ధరించినవాడు ఆయనయే. అదే 1963 సంవత్సరమునకు కామినేని ఈశ్వరరావు ఈ క్రీడలో అర్జున పురస్కారము పొందెను. విజయవాడలోని ఇండోర్ స్టేడియము నేటికిని దండమూడివారి పేర నిలిచియున్నది.

ఇక నాల్గవ ప్రశ్నకు సమాధానము శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటనుండి వచ్చినది. 1975లో జన్మించిన కరణం మల్లేశ్వరి పన్నెండేండ్ల ప్రాయమున నీలంశెట్టి అప్పన్న వద్ద శిక్షణకు చేరినది. తల్లి శ్యామల వెన్నుదన్నుగా నిలిచినది. 1994లోను, 1995లోను మల్లేశ్వరి ప్రపంచ విజేతయైనది. ఒలింపిక్సులో స్త్రీలకు ఈ క్రీడ మొట్టమొదట 2000లో సిడ్నీలో ప్రవేశించెను. ఆ ఏడు సెప్టెంబరు 19వ తేదీన, 69 కిలోల తరగతిలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి ఆమె కాంస్యపతకము సాధించినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే.

ఆనాటి స్వర్ణ రజత విజేతలు ఇరువురును ఎత్తినది 242.5 కిలోలు. మల్లేశ్వరికిని వారికిని భేదము రెండున్నర కిలోలు మాత్రమే. చివరి యత్నమున ఆమె 137.5 కిలోలకు పూనుకొని విఫలమైనది. అది నిలిచియున్నచో స్వర్ణము ఆమెదే. పన్నెండేండ్ల ఉదయములు, సాయంకాలములు, ఇంటివారి త్యాగములు అన్నియు రెండు మూడు సెకండ్ల కాలములో ఒక ఇనుపకడ్డీపై ఆధారపడుట ఈ క్రీడలోని దారుణము. 2004 ఏథెన్సు క్రీడలలో ఆమె నడుమునొప్పితో పోటీని పూర్తిచేయలేక వెనుదిరిగినది. తండ్రి భయపడిన మూడవ ప్రశ్న ఊరక పుట్టినది కాదు.

పతకమే ఫలమని తలచినచో లెక్క ఎట్లుండునో చూడుడు. సిడ్నీ తరువాత మఱల ఈ క్రీడలో మనదేశమునకు ఒలింపిక్ పతకము వచ్చుటకు 21 ఏండ్లు పట్టినది. 2021లో టోక్యోలో మణిపురమునకు చెందిన మీరాబాయి చాను 49 కిలోల తరగతిలో 202 కిలోలెత్తి రజతము పొందినది. 2024 పారిస్ క్రీడల వరకు చూచినను ఈ క్రీడలో మనకు వచ్చిన ఒలింపిక్ పతకములు ఈ రెండే. దేశమున వేలమంది ఎత్తగా ఇరువురికి దక్కినదానిని కూలి యనరాదు, అది లాటరీ. ఆ లాటరీకై ఆత్రపడి కొందఱు మందులను ఆశ్రయించిరి. 1976 మాంట్రియల్ క్రీడలలో స్టెరాయిడు మందులకు మొదటిసారి పరీక్షలు జరుపగా, పట్టుబడినవారిలో పెక్కుమంది బరువులెత్తువారే. కొందఱి పతకములు తిరిగి తీసికొనిరి. మన దేశపు క్రీడాకారులును ఈ మచ్చనుండి తప్పించుకొనలేదు. ఫలమును పతకమునకే ముడివేసినపుడు పుట్టు రోగమిది.

మఱి ఫలమెక్కడ నున్నది? దీనికి సమాధానము వైద్యశాలలలో దొరకినది.

ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులును వ్యాయామాచార్యులును బరువులెత్తువానికి కండరములు బిగిసిపోవుననియు, చుఱుకుదనము నశించుననియు నమ్మెడివారు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు కళాశాల ఆచార్యుడు పీటర్ కార్పోవిచ్ ఆ నమ్మకము గలవాడే. 1940లో అచటికి ప్రదర్శనమునకు వచ్చిన జాన్ గ్రిమెక్ అను బలశాలిని ఆయన సభలో లేచి, మీ వీపును మీరు గోకికొనగలరా యని అడిగెను. గ్రిమెక్ వీపు గోకి చూపుటయే గాక, కాళ్ళు రెండు ప్రక్కలకు చాచి నేలకానునట్లు కూర్చుండెను. కార్పోవిచ్ ఊరకుండక పరీక్షకు పూనుకొనెను. ఆయనయు, ఆయన శిష్యుడు జోర్బాసును బరువులెత్తు 300 మందిని, ఎత్తని 300 మందిని పోల్చి, చేయి త్రిప్పు వేగములో ఎత్తువారే మిన్నయని 1951లో ప్రకటించిరి. తన అభిప్రాయము తప్పని తానే నిరూపించిన పండితుని సాక్ష్యమునకు విలువ ఎక్కువ.

రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులకు చికిత్స చేయుచు షికాగోలో థామస్ డిలార్మ్ అను వైద్యుడు ఇంకొక మార్గము త్రొక్కెను. అతడు చిన్ననాట కీళ్ళవాతజ్వరముతో మంచమెక్కి, బరువులెత్తియే బలము కూడదీసికొన్నవాడు. మోకాళ్ళు చెడిన సైనికులచే తేలికపాటి కదలికలు చేయించుటకు మాఱుగా, భారమైన తూకములను క్రమక్రమముగా పెంచుచు ఎత్తించెను. క్షీణించిన తొడకండరములు త్వరగా కోలుకొనెను. 1945లో ఆయన ఈ ఫలితములను వెల్లడించిన పిదప బరువు వైద్యుని చేతి సాధనమైనది. 1990లో బోస్టనులో సగటున 90 ఏండ్ల వయస్సుగల వృద్ధులచే 8 వారములు ఇట్టి అభ్యాసము చేయించగా, వారి తొడల బలము సగటున 174 శాతము పెరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచనలలో పెద్దలందఱును వారమునకు రెండు దినములైనను కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెనని చెప్పినది. వయస్సుతో కండ కరగును, ఎముక బోలగును. ఈ రెంటిని వాయిదావేయు ఉపాయములలో బరువెత్తుట మేలైనది.

హానియు లేకపోలేదు. నడుము, మోకాలు, భుజము ఈ మూడును ఈ క్రీడలో ఎక్కువగా నొచ్చు చోట్లు. కాని గాయములలో చాలభాగము అతివాడుకవలనను, తొందరవలనను, తీరు తెలియక ఎత్తుటవలనను కలుగునవి. ఒకరినొకరు ఢీకొను ఆటలతో పోల్చిచూచినచో ఇచట గాయములు తక్కువేయని లెక్కలు చెప్పుచున్నవి. గురువు కన్ను ముందుండి, తూకము మెల్లగా పెరిగినచో భయము చాలవఱకు తీరును.

కాబట్టి తీర్పును రెండు భాగములుగా చెప్పవలసియున్నది. ఆరోగ్యమునకై ఎత్తువానికి వారమునకు రెండుమూడు గంటలకు మించి పోవునది లేదు. సంగిడిరాయియైనను, ఇసుకసంచియైనను చాలును. ఇంటి భోజనమే ఆహారము. వానికి వ్యయము కొంచెము, లాభము ఘనము. అది తండ్రికిని, తల్లికిని, అవ్వకును వర్తించును.

పోటీకై ఎత్తువాని లెక్క వేరు. వానికి పన్నెండేండ్లు కావలెను; రోజూ మంచి తిండి కావలెను; తీరు తెలిసిన గురువు కావలెను; నడుము నొచ్చిననాడు వైద్యుడును, ఆట ముగిసిననాడు ఒక ఉద్యోగమును కావలెను. ఈ అయిదింటిని ఒక పేద కుటుంబముపైననే మోపి, గెలిచిననాడు మాత్రము చప్పట్లు చరచుట న్యాయము కాదు. రాయల మల్లునికి రాజు కొలువిచ్చెను. నేటి బాలికకు రైల్వేయో, పోలీసుశాఖయో ఇచ్చు కొలువు కూడ అట్టిదే. దయ యనుకొనరాదు, ధర్మమనుకొనవలెను.

ఇంటిలో ఎవరైన ఈ కోరిక వెలిబుచ్చినచో కాదని వెంటనే చెప్పకుడు, ఔనని వెంటనే పరుగెత్తకుడు. ముందు గురువును చూడుడు. ఆయన మొదటి మూడునెలలు తూకము పెంచక తీరు నేర్పువాడైనచో పిల్లను పంపుడు. పతకము వచ్చినను రాకున్నను, నిటారుగా నిలుచు వెన్నెముక ఆమెకు మిగులును.