చదును కప్పు – వాన నీరు

బయట వాన వెలిసి రెండు గంటలైనను ఇంటిలో వెలియకపోవుట చదును కప్పులకు తొలినాటినుండి ఉన్న జబ్బు. పెంకుటిల్లు వాలుగా నుండుటచే నీటిని వెంటనే జారవిడుచును. చదును కప్పు ఆ నీటిని కొంతసేపైనను మోయవలసినదే. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల చిన్న కారుషెడ్డు కప్పుపై ఒక్క సెంటీమీటరు లోతున నీరు నిలిచినచో దాని బరువు 180 కిలోగ్రాములు. ఆ బరువుకు కప్పు ఇంచుక క్రుంగును. క్రుంగినచోట మరికొంత నీరు చేరును.

ప్రాచీనులు ఈ సంగతి ఎరుగుదురు. బాబిలోనులోని వ్రేలాడు తోటలను గూర్చి క్రీ. పూ. మొదటి శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ వివరించెను. రాతి దూలములపై తారుతో కలిపి పరచిన రెల్లు, దానిపై రెండు వరుసల కాల్చిన ఇటుకలు, ఆపైన సీసపు రేకు, పిమ్మటనే మన్ను. ఆ తోటలు నిజముగా నుండెనా యని పండితులు నేటికిని వాదించుచున్నారు గాని, ఆ పొరల క్రమమును ఏ మేస్త్రీయు తప్పు పట్టజాలడు.

రాయలసీమ మిద్దెలపై చవుడుమన్ను పరచుటలోనూ ఇట్టి నేర్పే కలదు. సోడియము అధికముగా గల ఈ మన్ను తడిసినపుడు సూక్ష్మకణములు విడివడి సందులను పూడ్చివేయును. పై పొర తడిసినను నీరు క్రిందికి దిగదు. పైరుకు పనికిరాని నేల ఇంటికి గొడుగైనది! మద్రాసు మిద్దెలలో టేకు దూలములపై ఇటుకలు పేర్చి, ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి, కరక్కాయ, బెల్లము నానిన నీరు చల్లుచు కొయ్యబద్దలతో కొట్టి గట్టిపరచెడివారు.

1840 తరువాత అమెరికాలో తారు పట్టించిన కాగితపు పొరలు, వానిపై గులకరాళ్లు వాడుకలోనికి వచ్చినవి. చదును కప్పు చౌకయైనది. ఇరువదవ శతాబ్దమున వేడుకయు నైనది. పారిస్ సమీపమున పొయిసీలో లె కార్బూజియే 1928–31 నడుమ కట్టిన సవోయ్ భవనము ప్రపంచ ప్రసిద్ధము. కాని 1936లో ఆ యింటి యజమానురాలు వాస్తుశిల్పికి ఉత్తరము వ్రాయుచు, హాలులో వాన, లోపలి వాలుదారిలో వాన, గ్యారేజి గోడ పూర్తిగా తడిసినదని మొరపెట్టుకొనెను. మరుసటి యేడు న్యాయస్థానము మాట కూడ వచ్చినది. ఆ భవనమునే 1965లో చారిత్రక కట్టడముగా ఫ్రాన్సు ప్రభుత్వము గుర్తించెను. గొప్ప రూపము వేరు, పొడి ఇల్లు వేరు!

అమెరికాలో మాడిసన్ నగరమున 1937లో 5,500 డాలర్లతో పూర్తియైన జేకబ్స్ గృహమునకు ఫ్రాంక్ లాయిడ్ రైట్ గ్యారేజి పెట్టలేదు. ఇంటి కప్పునే వెలుపలికి చాచి దాని నీడన కారు నిలుపుమనెను. కార్‌పోర్ట్ అను మాటకు ప్రచారము తెచ్చినది ఇతడే. ఇతని చదును కప్పులు కురియుటయు ప్రసిద్ధమే.

ఇంటి గోడకు ఆనించి తరువాత కట్టిన షెడ్డులో అసలు చిక్కు అతుకువద్దనే. గోడ తన పునాదిపై కదలక నిలుచును. పలుచని కప్పు ఎండకు సాగి రాత్రికి ముడుచుకొనును. 6 మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. ఆ బీటలో సిమెంటు కూరినచో కొలది దినములలోనే మరల విచ్చును. పైగా నీరు దూలము వెంబడి పాకి ఎక్కడనో చుక్కగా రాలును గనుక, చుక్క పడినచోట కప్పును త్రవ్వుట వ్యర్థము. పల్లపు చివరనుండి ఆరంభించి, కొంచెము కొంచెముగా నీరు పోయుచు మీదికి పోయినచో చొరబడు తావు తెలియును.

మరమ్మతులో మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు కల్పించి, నీటిని తూమువైపు మళ్లింపవలెను. తారు షీటును గోడపైకి సుమారు 15 సెంటీమీటర్లు మడిచి, గోడలో గాడి తీసి, అందు లోహపు రేకు పై అంచును దూర్చి, షీటుమీదికి వంచవలెను. రేకు క్రింది అంచును కప్పుకు మేకులతో బిగించరాదు. బిగించినచో ఆ 2 మిల్లీమీటర్ల కదలిక మరియొకచోట చీలిక తెచ్చును.