వాల్వు సెట్టుకు అందని మాచనూరు

జహీరాబాద్ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో హైదరాబాదులో దక్కన్ రేడియో మోగేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. అప్పట్లో ఇంట్లో చెక్కపెట్టె రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టాల్సిందే. ఆ బాదరబందీ 1980లలో గానీ వదల్లేదు.

ఇప్పుడు అలాంటి వాల్వు సెట్టు కొనేవారు పాలిష్ చూసి మురిసిపోతే కష్టం. చూడాల్సింది లోపలి ట్రాన్స్‌ఫార్మర్లను. పాత కండెన్సర్లు మార్చకుండా కరెంటిస్తే ట్రాన్స్‌ఫార్మర్లూ, వాల్వులూ కాలిపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పోయిన సెట్టును, అలంకారానికైతే తప్ప, ఎంత చౌకగా వచ్చినా వదిలేయడమే మేలు.

సరే, బాగుచేశాక వినేదేమిటి?

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపే స్టేషనది. అల్గోల్ నరసమ్మ, జనరల్ నరసమ్మ దాని తొలి గొంతులు. ప్రసారానికి లైసెన్సు రాకముందు కార్యక్రమాలను క్యాసెట్లకెక్కించి ఊళ్లలోని మహిళా సంఘాల్లో వినిపించేవారు. చిరుధాన్యాలు, విత్తనాలు, జానపదాలు, అన్నీ ఆ ఊళ్ల మాటలోనే.

అయితే అది 90.4 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం. మన దగ్గరి పాత సెట్లలో ఎక్కువవాటికి మీడియం వేవ్, షార్ట్ వేవే తెలుసు. వేలు పోసి బాగుచేయించిన పెట్టెకు పక్క ఊరి నరసమ్మల గొంతు అందదు, చేతిలో ఇమిడే చౌక ఎఫ్ఎం సెట్టుకు మాత్రం ఇట్టే అందుతుంది.