లెబ్రాన్ జేమ్స్ బాల్యం, వాకర్ కుటుంబం

లెబ్రాన్ జేమ్స్ (జననం 1984 డిసెంబరు 30) అమెరికాకు చెందిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఎ. పోటీల్లో నాలుగుసార్లు (2012, 2013, 2016, 2020) విజేత జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరి 7న కరీం అబ్దుల్ జబ్బార్ పేరిట ఉన్న 38,387 పాయింట్ల రికార్డును దాటి, ఆ లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు సాధించిన ఆటగాడయ్యాడు. ఇతని బాల్యం ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్ పట్టణంలో, నిలకడైన ఇల్లు లేకుండా గడిచింది. తొమ్మిదేళ్ల వయసులో ఫ్రాంక్ వాకర్, పామ్ వాకర్ దంపతులు ఇతన్ని తమ ఇంట్లో ఉంచుకుని బడికి పంపారు.

యాక్రన్, హికరీ వీధి

యాక్రన్ టైర్ల పట్టణం. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్రిచ్ కంపెనీలు ఇక్కడే ఎదిగాయి. 1970ల నుంచి టైర్ల తయారీ తగ్గుతూ వచ్చి వేలమందికి పని పోయింది. లెబ్రాన్ పుట్టేనాటికి ఆ దెబ్బ నల్లజాతివారి పేటల్లో బాగా కనిపించేది. తల్లి గ్లోరియా జేమ్స్‌కు అప్పుడు 16 ఏళ్లు, హైస్కూలు విద్యార్థిని. తండ్రి ఆ పిల్లవాడి జీవితంలోకి రాలేదు. హికరీ వీధిలోని పాత ఇంట్లో అమ్మమ్మ ఫ్రెడా, ఇద్దరు మేనమామలతో తల్లీకొడుకులు ఉండేవారు. మనవణ్ణి చూసుకుంటూ కూతురి చదువు సాగేలా చేసింది ఫ్రెడాయే.

1987 క్రిస్మస్ రోజున ఆమె గుండెపోటుతో చనిపోయింది. లెబ్రాన్‌కు ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ ఉదయం పిల్లవాడి పండుగ చెడకూడదని గ్లోరియా విషాదాన్ని దాచిపెట్టి, కొన్న బొమ్మ బాస్కెట్‌బాల్ బుట్టను వాడి చేతికిచ్చింది. లెబ్రాన్ మీద వచ్చిన రచనలు చాలావరకు ఈ బొమ్మ దగ్గర ఆగి, భవిష్యత్తును అందులో చదివేస్తాయి. ఆ ఇంటికి ఆ రోజు జరిగిన అసలు నష్టం దాన్ని నిలబెట్టే మనిషి పోవడం. మరమ్మతులకు డబ్బు లేదు, బిల్లులు కట్టేవారు లేరు. కొన్నాళ్లకు నగరపాలక సంస్థ ఆ ఇల్లు నివాసయోగ్యం కాదని తేల్చి కూల్చివేయించింది. ఆ తర్వాత కొన్నేళ్లు తల్లీకొడుకులు తెలిసినవాళ్ల ఇళ్లలో, బంధువుల దగ్గర, అద్దె గదుల్లో కాలం గడిపారు. ఇల్లు మారినప్పుడల్లా బడి దూరమయ్యేది, పంపేవారు ఉండేవారు కాదు. నాలుగో తరగతిలో లెబ్రాన్ 80 రోజులకు పైగా బడి మానేశాడు, అంటే ఇంచుమించు సగం విద్యా సంవత్సరం.

వాకర్ల ఇల్లు

అతన్ని ముందు గమనించింది అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకులు. చేత్తో బంతి పట్టుకుని పరుగెత్తే ఆ ఆటలో తొమ్మిదేళ్ల లెబ్రాన్‌ను పట్టుకోవడం తోటి పిల్లల వల్ల అయ్యేది కాదు. బ్రూస్ కెల్కర్ అనే శిక్షకుడు కొన్నాళ్లు తల్లీకొడుకులిద్దరికీ చోటిచ్చాడు. అదే జట్టు పిల్లలకు ఆట నేర్పే ఫ్రాంక్ వాకర్ యాక్రన్ గృహనిర్మాణ సంస్థలో ఉద్యోగి. ముగ్గురు పిల్లల తండ్రి. ఈ పిల్లవాడు మా దగ్గర ఉంటాడని ఆయన, భార్య పామ్ గ్లోరియాతో అన్నారు. ఆమె ఒప్పుకుంది. వారంలో బడి ఉన్నన్ని రోజులు వాకర్ల ఇంట్లో, సెలవు రోజుల్లో తల్లి దగ్గర అని ఏర్పాటు చేసుకున్నారు.

గ్లోరియా ఒప్పుకోవడాన్ని పిల్లవాణ్ణి వదిలేసుకోవడంగా చెప్పేవారు లేకపోలేదు. ఆమెకు అప్పటికి పాతికేళ్లు. తన దగ్గర ఉంచుకుంటే వాడి చదువు సాగదని తెలుసు, వదులుకునే ఉద్దేశమూ లేదు. సులువైన నిర్ణయం కాదది. ఆ తర్వాత కొడుకు ఆడిన మ్యాచ్‌లలో ప్రేక్షకుల మధ్య ఆమె కనిపిస్తూనే వచ్చింది.

వాకర్లు ధనవంతులు కారు. లెబ్రాన్ వాళ్ల అబ్బాయి గదిలోనే పడుకున్నాడు. నిద్రపోయే వేళ, లేచే వేళ, స్నానం, హోంవర్కు, ఇంటిపని, అన్నీ ఆ ఇంటి పిల్లలకు ఎలాగో ఇతనికీ అలాగే. వేళకు భోజనం, వేళకు బడి అనే క్రమం అతనికి అంతకుముందు కుదరనిది. అయిదో తరగతిలో లెబ్రాన్ ఒక్కరోజు కూడా బడి మానలేదు. బాస్కెట్‌బాల్‌ను ఒక జట్టులో, శిక్షకుడి కింద ఆడటమూ ఫ్రాంక్ దగ్గరే మొదలైంది. వాకర్లు లేకున్నా ఆ ప్రతిభ ఎక్కడో ఒకచోట బయటపడేదని వాదించవచ్చు. కానీ వరసగా బడి తప్పిన పిల్లవాడు హైస్కూలు జట్టు దాకా చేరడం అమెరికాలో కూడా మామూలు విషయం కాదు.

కొంతకాలానికి గ్లోరియాకు అద్దె రాయితీతో స్ప్రింగ్ హిల్ అపార్ట్‌మెంట్స్‌లో రెండు పడకగదుల ఫ్లాటు దొరికింది. తల్లీకొడుకులు మళ్లీ ఒకచోట చేరారు. తర్వాత లెబ్రాన్ తన సినిమా నిర్మాణ సంస్థకు స్ప్రింగ్‌హిల్ అనే పేరే పెట్టాడు.

స్నేహితులు, హైస్కూలు

డ్రూ జాయిస్ నడిపిన ‘షూటింగ్ స్టార్స్’ పిల్లల జట్టులో లెబ్రాన్‌కు ముగ్గురు స్నేహితులయ్యారు: శిక్షకుడి కొడుకు డ్రూ జాయిస్ III, సియాన్ కాటన్, విల్లీ మెక్‌గీ. నలుగురూ ఒకే హైస్కూలుకు వెళ్లాలని మాట అనుకున్నారు. తమ పేటవాళ్లు ఎదురుచూసిన ప్రభుత్వ బడిని కాదని సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ అనే క్యాథలిక్ బడిలో చేరినందుకు ఊళ్లో చాలామంది నొచ్చుకున్నారు. ఆ బడి జట్టు లెబ్రాన్ ఉన్న నాలుగేళ్లలో మూడుసార్లు రాష్ట్ర విజేత అయింది. 2003లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ అతన్ని ఎన్.బి.ఎ. ఎంపికలో మొదటి ఆటగాడిగా తీసుకుంది. క్లీవ్‌లాండ్ యాక్రన్‌కు పొరుగు నగరమే.

ఐ ప్రామిస్ బడి

2004లో ఏర్పడిన లెబ్రాన్ జేమ్స్ ఫ్యామిలీ ఫౌండేషన్ యాక్రన్ పిల్లల చదువుపైనే ఎక్కువగా పనిచేస్తుంది. చదువులో వెనకబడిన మూడో తరగతి పిల్లలను ఎంచుకుని 2011లో అది ఒక కార్యక్రమం ప్రారంభించింది. అందులో పిల్లలు చేసే ప్రమాణాల్లో బడికి వెళ్లడం ఒకటి. 2018 జులైలో ‘ఐ ప్రామిస్’ బడి తెరుచుకుంది. అక్కడ కుటుంబాలకు సరుకులు ఉచితంగా ఇచ్చే కొట్టు ఉంది, తల్లిదండ్రులు ఆగిపోయిన హైస్కూలు చదువు పూర్తిచేసే వీలుంది. ఇల్లు కోల్పోయిన విద్యార్థుల కుటుంబాలకు తాత్కాలిక వసతి 2020లో ఏర్పాటైంది. పిల్లవాడి చదువుకు ముందు వాడి ఇల్లు నిలవాలన్న ఆలోచన ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు.

బడి మీద విమర్శ కూడా ఉంది. ఎనిమిదో తరగతికి చేరిన తొలి విద్యార్థుల్లో ఎవరూ మూడో తరగతి తర్వాత రాష్ట్ర గణిత పరీక్ష గట్టెక్కలేదని 2023లో బయటపడి పెద్ద చర్చ జరిగింది. ఏరికోరి వెనకబడిన పిల్లలనే చేర్చుకునే బడి కాబట్టి ఇతర బడులతో నేరుగా పోల్చడం న్యాయం కాదు. అయినా ఆ ఫలితాన్ని సమర్థించడం కష్టమే. ఇది లెబ్రాన్ సొంత బడి అని చాలామంది అనుకుంటారు. నిజానికి యాక్రన్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇదీ ఒకటి. అదనపు సదుపాయాల విషయంలో ఫౌండేషన్ తోడ్పడుతుంది.